కానుకల చిట్టా

ఆరాధన అయ్యాక
కానుకల బుట్ట లెక్క రాసేది నేను.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని, ఇలాంటి నీలిగీతల పుస్తకాల్లోనే.
మలావీ సరస్సు ఒడ్డున మా చిన్న సంఘంలో
క్వాచా నోట్లకంటే కోడిగుడ్లే ఎక్కువ పడతాయి.
ఎలెస్టినా: గుడ్లు నాలుగు, ఒకటి పగిలింది.
గ్రేషమ్: కర్రపెండలం అరబస్తా, మట్టితో సహా.
పేరు చెప్పనివారు: చొక్కా గుండీ ఒకటి.
గుండీ కూడా రాస్తాను.
దేవుడి ఇంట్లో ఏది ఎందుకు పనికొస్తుందో నాకేం తెలుసు.

లుఫెయో దగ్గరికొచ్చేసరికి కలం ఆగుతుంది.

బస్సులాగే చోట సైకిళ్ళకు పంక్చర్లు వేస్తాడు వాడు.
పుట్టు నత్తి.
పోయిన ఏడాది కాపరి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాడు.
"యే" అన్నాడు. మళ్ళీ "యే".
ప్రభువు పేరులో రెండో అక్షరం దాకా చేరలేకపోయాడు.
రేకుల కప్పు మీద పావురం నడక వినిపించింది.
పిల్లలు నవ్వారు.
నేనూ నవ్వాను, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.
అది ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.

ఆ తర్వాతి వారం నుంచి బుట్టలో చీటీ వేస్తున్నాడు.
"అతుకులు పదకొండు."
"అతుకులు ఏడు, బ్రేకు ఒకటి."
అంటే డబ్బు పుచ్చుకోకుండా వేసినవి.
నాయనా, వీటిని ఏ వరుసలో రాయను అంటే
భుజాలెగరేసి గ్రీజు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

నోరున్నవాడిదే ఊరంటారు, నాకు నోటికి లోటు లేదు.
బడిపంతులమ్మను.
ఆసుపత్రి వరండాలో కరపత్రాలు పంచాను,
చేపల రేవులో గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను.
ఆ కరపత్రాల్లోనే వేయించిన చేపలు పొట్లం కట్టి
నాకే అమ్మారు.
నూనె మరకలోంచి నేను రాసిన వాక్యం
నన్నే చూసింది.

ఏనిఫా ఆ రేవు మనిషే.
భర్త పడవ తిరిగిరాని రాత్రినుంచి
ఎవరు దేవుడి మాటెత్తినా తట్ట నెత్తినెత్తుకుని లేచిపోతుంది.
నా దగ్గర్నుంచి మూడుసార్లు లేచిపోయింది.

ఆ రోజు నేను బస్సు కోసం నిలబడి ఉన్నాను.
చక్రంలో గాలి లేని సైకిలు ఈడ్చుకుంటూ వచ్చింది,
వెనక ఎండుచేపల బుట్ట.
లుఫెయో ట్యూబు లాగి, గాలికొట్టి
బేసిను నీళ్ళలో ముంచాడు.
జానెడు జానెడు తిప్పుతున్నాడు.
మాట రానివాడికి
కనిపెట్టుకుని ఉండడం బాగా వచ్చు.
ఒకచోట సన్నటి బుడగల దారం పైకి లేచింది.
"ఇ... ఇక్కడ" అన్నాడు, వేలు పెట్టి.

ఆమె నీళ్ళలోకే చూస్తూ ఉండిపోయింది.
తర్వాత మాట్లాడింది.
ఆ రాత్రి గాలి గురించి, ఆరిపోయిన లాంతరు గురించి,
ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక్క తెడ్డు గురించి.
నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.
అతుకును బొటనవేలితో నొక్కిపట్టి
వాడు వింటూనే ఉన్నాడు,
జిగురు ఎప్పుడో ఆరిపోయినా.

కొంగుముడి విప్పబోతే వద్దన్నాడు.
ఎందుకు వద్దంది.
"యే" అన్నాడు.
ఆమె నవ్వలేదు. ఆగింది.
"యే... యే..."
రోడ్డు మీద లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది,
దుమ్ము మళ్ళీ నేల మీద వాలింది.
"...సు."

ఆ పేరు నేను ఎన్ని వేలసార్లు పలికానో.
ఎప్పుడూ ఇంత బరువు లేదు.

ఇవాళ ఆమె వచ్చింది.
తలుపు దగ్గరే నిలబడి, చివరి పాటకు ముందే వెళ్ళిపోయింది.
మళ్ళీ వస్తుందో రాదో.
బుట్టలో ఆకులో చుట్టిన ఎండుచేపలు, గుప్పెడు. రాశాను.

లుఫెయో చీటీ తడిసి సిరా చెదిరింది.
అంకె కనబడలేదు.
చాలాసేపు కూర్చుని, వాడి పేరుకెదురుగా
"నీళ్ళు, ఒక బేసిను" అని రాశాను.
కింద నా పేరు రాసుకున్నాను, ఇన్నేళ్ళకు మొదటిసారి.
ఎదురుగా ఖాళీ.

సొరుగులో ఆ గుండీ ఇంకా ఉంది.
ఎవరి చొక్కాకు తక్కువైందో చూడాలి.
సూదిలో దారం ఎక్కించడం
నాకూ వచ్చు.