వానకి అరవై రెండు

రెండో నంబరు తుపాను హెచ్చరిక. పడవ లేదు.
మాసిన్ అంటే మా మాటలో ఉప్పగా ఉన్న చోటు, అన్నాడు
మూడుచక్రాల బండి తోలే రొసాల్యో.
మా మాటలో మాసినదంటే ఉతకాల్సినది, అన్నాను.
నా చొక్కా వైపు చూసి
రెండూ నిజమేనని తీర్పు చెప్పాడు.

రేవు వెనక రేకుల పాక.
బొగ్గుల మీద కోడిపేగులు కాలుతున్నాయి.
గ్లాసుల్లో ఎర్రటి కొబ్బరికల్లు,
మన తాటికల్లుకి వేలు విడిచిన చుట్టం.
మూల బీరువా అంత పెట్టె,
ముఖానికి టీవీ, పొట్టకి చిల్లర మింగే సందు.
ఐదు పెసోలు వేస్తే ఒక పాట.
పాట ఏదైనా తెర మీద
అదే మంచుకొండ, అదే జలపాతం,
ఎవరి కోసమో నడుస్తూనే ఉండే అదే ఎర్రగౌను పిల్ల.

చేపలు తూచేవాడు కళ్ళు మూసుకుని పాడాడు.
అతను చూడకపోయినా అక్షరాలు రంగు మారుతూనే ఉన్నాయి,
వాకిట్లో ఎండ పాకినట్టు.
పడవ టికెట్లు చింపే అమ్మాయి పాడింది,
తొమ్మిదో నెల పొట్ట మీద చెయ్యి వేసుకుని.
శ్రుతి ఎటో పోయింది. పెట్టె మాత్రం
తొంభై ఎనిమిది ఇచ్చి బాకాలూదింది.
ఇక్కడెవరూ తప్పరు, అన్నాడు రొసాల్యో,
తప్పేది పడవలే.

మైకు నా దగ్గరికొచ్చింది.
ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ బాగుచెయ్యడానికి వచ్చినదాన్ని.
గ్రీజు గోళ్ళతో పాటల పుస్తకం తిప్పాను.
రైల్వే టైంటేబుల్ అంత లావు,
మా ఊరికి బండి లేదు అందులో.
ఈలోగా ఎవరో నాణెం వేసేశారు.
ఏదో రాగం మొదలైంది, ఆగేలా లేదు.
నోటికొచ్చింది ఒక్కటే:
పదమూడు ఒకట్ల పదమూడు,
పదమూడు రెళ్ళు ఇరవై ఆరు...
మూడో తరగతి బెంచీ మీద ఊగినట్టే ఊగాను.
వాళ్ళూ ఊగారు.
పదమూడు నాలుగుల దగ్గర గొంతు ఎందుకో జీరపోయింది,
టికెట్ల అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.
పదమూడు ఏళ్ళ దగ్గర
ఎప్పటిలాగే ఆగిపోయాను.
పెట్టె కాసేపు లోపల్లోపల గుణించుకుని
తొంభై ఒకటి, అంది.

ఎవరతను, అని అడిగింది అమ్మాయి.
పదమూడోవాడు, అన్నాను.

పదిన్నరకి వచ్చింది తియోఫిలా,
గొడుగు దులిపి, ఎవర్నీ పలకరించకుండా.
మెడ మీద అడ్డంగా కుట్టు, పాతబడి తెల్లబడింది.
పుస్తకం ముట్టలేదు. నాలుగంకెలు నొక్కి
మైకుని బల్ల మీద పడుకోబెట్టింది.
మూడేళ్ళు వరసగా పోటీల్లో కప్పు ఈవిడదే,
నా చెవిలో అన్నాడు రొసాల్యో,
థైరాయిడ్ కోశారు, గొంతు దాని వెంటే పోయింది.
పెదాలు మాత్రం ఒక్క అక్షరం వదల్లేదు,
ఊపిరి తీసుకోవాల్సిన చోటే తీసుకుంటూ.
మైకు ఎవరూ అందుకోలేదు.
పేగులు తిప్పేవాడు విసనకర్ర ఆపాడు.
రేకుల మీద వాన
మొదటి చరణంలో తొందరపడింది,
రెండోదానికి సర్దుకుంది.

పాట అయింది. పెట్టె తడుముకుంది.
బాకాలు లేవు. అరవై రెండు.

ఆవిడ చిన్న నోటుపుస్తకం తీసి రాసుకుంది,
రొసాల్యో వైపు వంగి గాలిలాంటి మాటేదో అంది.
అతను నవ్వు ఆపుకుంటూ నాకు విప్పాడు:
పోయిన వారం యాభై ఎనిమిదే,
వాన సాధన చేస్తున్నట్టుంది.

తర్వాత నా వైపు చెయ్యి చాచింది,
చిల్లర ఉందా అని.
రేవులో మరుగుదొడ్డికని దాచుకున్న ఐదు పెసోలు
తీసి ఇచ్చేశాను.