రెండు మెట్ల కింద

డండీలో కొండవాలు వీధి, మూడో అంతస్తు,
ముప్పై ఎనిమిది రాతిమెట్లు.
హైమవతి పెద్దమ్మ ఎక్కుతూ ఉంటుంది,
రెండు మెట్ల కింద నేను
చేతులు చాచి, తగలకుండా.
తను వెనక్కి తిరిగిందంటే
చేతులు కోటు జేబుల్లోకి.

పద్నాలుగో మెట్టు దగ్గర ఆగుతుంది.
ఆయాసమని అనదు.
"టే నది ఇవాళ భలే మెరుస్తోందే" అంటుంది కిటికీలోంచి.
చూస్తాను.
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు తప్ప ఏమీ లేదు.
"అవును పెద్దమ్మా" అంటాను.

పోయిన అక్టోబరులో ఒక తప్పు చేశాను.
పాలు పొంగి, మంట ఆరి, ఇల్లంతా గ్యాసు వాసన.
మర్నాడు పొద్దున్నే పొయ్యి నాబులు నాలుగూ పీకి
హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని పనికి పోయాను.
సాయంత్రం వచ్చేసరికి
కోటు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది
ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు.
"అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని కదే" అంది.
అంతే.
ఉప్మా చేసి పెట్టాను. తిననని అనలేదు, తిన్నది.
"థాంక్యూ, చాలా బాగుంది" అంది.
పెద్దమ్మ నాకు థాంక్యూ చెప్పడం అదే మొదలు.
తిట్టినా అంత తగిలేది కాదు.

మూడోరోజు నాబులు తెచ్చి అరచేతిలో పోశాను.
ఒక్కొక్కటీ బిగించింది, వణికే వేళ్ళతో.
మూడోది ఎంతకీ ఎక్కలేదు.
నేను గిన్నెలు కడుగుతూ ఉన్నాను,
కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ.
టక్కుమన్నాక అప్పుడు తిరిగాను.
"టీ నాది, తిరగమోత నీది" అని
తనే ఒడంబడిక రాసేసింది.

మెళ్ళో వేసుకోమని ఇచ్చిన అలారం బిళ్ళ మాత్రం
కరివేపాకు కుండీకి కట్టింది.
"ఈ చలిలో దాని ప్రాణానికే గ్యారంటీ లేదు."

మాత్రలు తనే లెక్కపెట్టి వారం డబ్బాలో సర్దుతుంది.
తను పడుకున్నాక నేను మళ్ళీ లెక్కపెడతాను.
ఒకరాత్రి గురువారం అరలో
మాత్రల మధ్య ఒక లవంగం.
నాకోసమే పెట్టింది.
నోట్లో వేసుకుని, దీపం ఆర్పేశాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళోనే మంత్రసాని పెద్దమ్మ.
కింది అంతస్తు మోరగ్‌తో టీ తాగుతూ ఎప్పుడో అంటోంది:
"తల కనపడగానే కొత్తగా చేరిన పిల్లలు లాగబోయేవాళ్ళు.
చేతిమీద ఒక్కటి వేసేదాన్ని.
లాగకు. అలాగని కాఫీకీ పోకు.
చేతులు కింద పెట్టుకుని ఉండు."
మోరగ్ నవ్వింది.
నేను బిస్కెట్ల పళ్ళెం తేవడానికి లేచాను,
ఎందుకో మళ్ళీ కూర్చున్నాను.
బిస్కెట్లు తనే తెచ్చింది,
సగం పళ్ళెంలో, సగం కార్పెట్ మీద.

ఫిబ్రవరిలో ఒకరోజు ఇరవై ఏడో మెట్టు మీద
నిజంగానే కాలు జారింది.
పట్టుకున్నాను.
మోచెయ్యి ఇంత సన్నగా ఉందని నాకు తెలీదు.
పట్టుకోనిచ్చింది. కొంచెంసేపు నామీద ఆనింది కూడా.
కింద ఎవరో తలుపేసుకున్న చప్పుడు.
"ఇక నా చెయ్యి నాకిచ్చెయ్" అంది.

ఇచ్చేశాను.
ఇంకా పదకొండు మెట్లు.