తాళాల కొట్టు మీద గది

కింద హారల్డ్ తాళంచెవులు కోస్తుంటాడు.
ఆ గీర శబ్దం నా బల్ల కాళ్ళలోంచి పాకి
పడుకున్నవాళ్ళ పళ్ళ దాకా వస్తుంది.
మొదటిసారి వచ్చినవాళ్ళకి క్షమాపణ చెబుతాను.
రెండోసారి వచ్చినవాళ్ళు
అది లేకపోతే నిద్ర పట్టదంటారు.

గ్రిమ్స్‌బీ గాలికి ఎప్పుడూ చేపల పొగ వాసన.
తువ్వాళ్ళు ఎన్నిసార్లు ఉతికినా
లావెండర్ కింద హాడక్ ఉంటుంది.

ఒంటిని ముట్టుకుని ఊరు చెప్పలేను గానీ
పని చెప్పగలను.
రాస్మా కుడిభుజం ఎడమదానికన్నా అంగుళం ఎత్తు.
పదకొండేళ్ళుగా మంచు మీద చేపని అదిమి
కత్తిని తనవైపు లాగుతోంది.
బొటనవేలి మొదట్లో కందిగింజంత ముడి.
దాని మీద వేలు పెట్టగానే
లాత్వియా భాషలో ఏదో తిడుతుంది.
నేను తెలుగులో "ఓర్చుకో తల్లీ" అంటాను.
ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు.
నొప్పి దగ్గర అది గుర్తుకు రాదు.

ఓవెన్ సంగతి వేరు.
మంచమే ఆఫీసు, ఒళ్ళోనే కంప్యూటరు,
ఇరవై ఆరేళ్ళకే తాబేలు మెడ.
"ఏమీ ఎత్తను, ఏమీ మొయ్యను, మరెందుకిలా?"
తలకాయ ఐదు కిలోలుంటుంది బాబూ,
రోజుకి పదిగంటలు దాన్ని ముందుకి వేలాడదీశావు.
నా చేతులు రెండు రోజులు పనిచేస్తాయి,
మూడోరోజు నుంచి నీ కుర్చీదే పూచీ.
ఇలా నిజాలు చెబితే గిరాకీ ఏం మిగులుతుందని
హారల్డ్ గొణుగుతాడు.
తను మాత్రం ఒక తాళంచెవి చాలన్నవాడికి
రెండోది ఏనాడూ అంటగట్టలేదు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సు గ్వెన్‌డలిన్‌ని
నొక్కనే నొక్కను.
పిండి ముద్ద మీద తడిబట్ట కప్పినట్టు
వీపు మీద అరచేయి ఆనిస్తాను, అంతే.
ఊపిరి పొట్ట దాకా దిగడానికి
పది నిమిషాలు పడుతుంది.
తెల్లవార్లూ అందరి నాడీ పట్టుకున్న మనిషి.
గురక మొదలైతే గంట దాటినా లేపను.
తర్వాత రావలసినవాళ్ళు
మెట్ల మీద కూర్చుని టీ తాగుతారు.

మొన్న మంగళవారం టెరెన్స్ వచ్చాడు.
స్పెయిన్‌లో టమాటాలు ఎక్కించుకుని
మూడు రోజులు లారీ సీటుకి అతుక్కుపోయి
తిన్నగా నా దగ్గరికే.
"పిక్క పట్టేసింది హైమా, గట్టిగా పిసికెయ్."
నూనె రాసుకున్న చేతులు
బెత్తెడు దూరంలో ఆగిపోయాయి.
ఒక్క కాలే వాచింది. ఒక్క కాలే వేడి.
చర్మం బిగించిన డప్పులా మెరుస్తోంది.
చేతులు తుడుచుకున్నాను.
"ముట్టుకోను. ఆసుపత్రికి పద."
"డబ్బులిస్తాను కదా!"
"ఇచ్చినా ముట్టుకోను."
హారల్డ్ కొట్టు మూసి తన వ్యానులో దింపాడు.

లోపలి రక్తనాళంలో గడ్డ కట్టిందట.
పిసికి ఉంటే అది ఎక్కడెక్కడికి వెళ్ళేదో
డాక్టరు గాలిలో వేలితో గీసి చూపించాడట,
పిక్క, తొడ, పొట్ట, ఊపిరితిత్తి.
కాలేజీలో ఇది ఆరో పాఠం.
పరీక్షలో ఆ ప్రశ్నకే తప్పు రాశాను.
ఏడేళ్ళలో నా చేతులు చేసిన మంచిపని
ఆ రోజు చెయ్యకపోవడమే కాబోలు.

శనివారం సాయంత్రం
నూనెసీసా మూత తిప్పబోతే
నా బొటనవేలు వంగనంది.
బూట్లు వేసుకుంటున్న రాస్మా చూసింది.
కోటు విప్పి మళ్ళీ మేకుకి తగిలించింది.
నా చెయ్యి లాక్కుని మోకాలి మీద పెట్టుకుని
చేపముల్లు వెతికే వేళ్ళతో
సరిగ్గా అక్కడే నొక్కింది.
ఇంట్లో ఎన్నడూ అనని మాట
నా నోట్లోంచి ఊడిపడింది.
"ఒర్చుకో తలీ" అంది తను,
ఒత్తులు మింగేసి,
తలెత్తకుండా.

కింద యంత్రం ఇంకా తిరుగుతోంది.
ఎవరో తమ ఇంటి బయటే ఉండిపోయినట్టున్నారు.