ఒరుగు లెక్క

ధర్మసాగరం మీద గాలి
పొద్దున ఆరింటికి ఇంకా లేవదు.
అందుకే పరీక్ష ఆ పూట పెట్టుకున్నం.

ఓదెలు కట్టిన పడవ, పద్దెనిమిది అడుగులది,
కట్ట రాళ్లకు రెండు తాళ్లతో వదులుగా కట్టి ఉన్నది.
సముద్రం చూడాలంటే ఇక్కణ్ణించి
ఒక రాత్రంతా రైలెక్కాలె.
కాజీపేట డీజిల్ షెడ్డుల ముప్పై ఏండ్లు
ఇంజన్ల కింద వెల్లకిల పండుకున్న మనిషికి
తెరచాప మీద మనసెందుకు పడ్డదో
నేనడగలే. ఆయన చెప్పలే.

గీతలు మాత్రం నావి.
అదే షెడ్డుల ట్రేసర్‌గ చేసి దిగిన దాన్ని.
సన్నని కర్రబద్దను కాయితం మీద పరిచి
అక్కడక్కడ సీసం ముద్దలు పెడితే
బద్ద తనంతట తానే వంపు తిరుగుతది.
"దిద్దకు" అనేటోడు.
"కర్రకు నచ్చిన వంపే నీళ్లకు నచ్చుతది."
పైనుంచి ఒక బొమ్మ, పక్కనుంచి ఒకటి, ఎదురుంగ ఒకటి,
ఏ చుక్కయినా మూడింట్లనూ ఒక్కతీరుగ పడాలె.
వెంట్రుకవాసి తేడా వస్తే
ఈనబోయే బర్రె లెక్కున్నది అని
రాత్రి పదకొండింటికి మళ్లీ చెరిపించేటోడు.

అడుగున బరువు కావాలె.
పాత బ్యాటరీలోళ్ల కాళ్లా వేళ్లా పడి
నూట నలభై కిలోల సీసం పోగేసి, కరిగించి,
చేప రెక్క తీరుగ పోసి
పడవ కడుపు కింద బిగించిండు.
చెరువుల వలలేసే మొండయ్యకు నవ్వాగలే:
"నా థర్మోకోల్ తెప్ప ఎన్నడూ మునగలే.
తేలేదానికి రాయి కట్టుడేంది అక్కా?"

ఇయ్యాల జవాబు.
మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన వడంబం
నడుమ కొయ్యకు మీటరు దారంతో వేలాడుతున్నది,
ఊగకుండ దాని గుండు నూనె గిన్నెల మునిగి.
పక్కన నా స్కేలు.
ఎనుమాముల మిర్చి కాంటా మీద తూచిన
ఇరవై అయిదు కిలోల ఇసుక సంచి
కుడి అంచు నుంచి ఎడమ అంచుకు జరిపినం.

పడవ ఒరిగింది.
బరువు గుంజే చుక్క ఉన్నకాడే ఉంటది.
నీళ్లు ఎత్తే చుక్క మాత్రం
మునిగిన పక్కకు నడుచుకుంట పోతది.
ఆ రెండింటి నడుమ పుట్టిన బెత్తెడు దూరమే
పడవను మళ్లీ లేపి నిలబెట్టేది.
నిటారుగ నిలబడ్డ పడవకు ఆ బెత్తెడు ఉండదు.
ఒరిగినంకనే పుడుతది.

దారం డెబ్భై మిల్లీమీటర్లు జరిగింది.
నా కాపీల అరవై రెండే ఉన్నది.

రెండుసార్లు కూడిన. మూడోసారి మొండయ్య సంచి మోసిండు.
డెబ్భయ్యే.
అంటే బరువు చుక్క బెత్తెడు పైకెక్కింది.
"ఓదెలన్నా, నా గీతల్ల లేనిది
ఈ పడవల ఏమున్నది?"

మాట్లాడలే.
కొయ్య కొన దిక్కు చూసిండు.
గోనెపట్ట చుట్టి, సుతిలి గట్టిగ కట్టి...
జెండా కప్పీ అనుకున్న నేను ఇన్నిరోజులు.

కొయ్య పడుకోబెట్టి విప్పినం.
ఇంజన్ హారన్. ఇత్తడిది.
రిటైరైన నాడు తుక్కుల పోతుంటే
తూకానికి పైసలు కట్టి తెచ్చుకున్నడట.
పన్నెండు కిలోలు, అయిదు మీటర్ల ఎత్తున.

"పైన ఉంటెనే గదా కూత దూరం పోయేది"
అన్నడు, నేల చూసుకుంట.

తియ్యమనలే నేను.
పెన్సిలు నాలికకు తడిచేసుకొని
సీసం మీద, అడుగు పలకల కింద,
చిన్న గుండ్రం గీసి పన్నెండు అని రాసిన.
ఆయన స్పానర్ అందుకున్నడు.

కొయ్య లేపి, సంచి మళ్లీ జరిపితే
దారం అరవై ఒకటి.
మొండయ్య స్కేలు మీదికి వంగి
తనే పైకి చదివిండు.

తొమ్మిదయ్యేసరికి వేలేరు దిక్కునుంచి
నీళ్ల మీద గరుకు లేచింది.
చాప ఎత్తితే ఒక్క క్షణం పటపట కొట్టుకొని
పొట్ట నింపుకున్నది.
గాలి వచ్చే దిక్కుకే మూతి పెట్టి
ఏటవాలుగ నడిచింది పడవ,
సీసం రెక్క అడ్డం పోనియ్యక పట్టుకుంటె.

"ఎదురు గాలికి ఎట్ల పోతున్నది?"
మొండయ్య అంచు గట్టిగ పట్టుకున్నడు.
అడుగున ఎక్కడ్నో
బిగించని బోల్టు ఒకటి
ఇత్తడిని టంగు టంగున కొడుతున్నది.