మిగిలిన విభక్తి

నాంత్ నగరంలో వాన నిలువుగా పడదు.
లువార్ నది మీంచి పక్కవాటుగా వచ్చి
బస్సు అద్దాల్ని గీరుతుంది.

ఆఖరి ట్రిప్పు.
ఖాళీ సీట్ల మధ్య ఒకే ఒక తల
డ్రైవర్ గ్వెనోలే అద్దంలో.
ఆర్మెల్ మేడమ్. నలభై ఏళ్లు లాటిన్ చెప్పిన మనిషి.
అతనికీ చెప్పింది. అతనికి రాలేదు.

ఊరి చివర వేడినీళ్ల స్నానశాల ఉండేదట,
అక్కడికి జనాన్ని చేరేసే గుర్రబ్బండి,
బండి ఆగేచోట టోపీల కొట్టు,
కొట్టు నుదుట యజమాని పేరుకి ప్రాస కలిపిన
లాటిన్ మాట: ఓమ్నిబుస్.
నిజమో, టోపీలవాడు ఊరికి పెట్టిన టోపీయో
ఎవరూ తేల్చలేదు.

ఓమ్నిబుస్ అంటే అందరికీ.
దొరసానికీ, చేపలమ్మే మనిషికీ, తడిసిన గుమాస్తాకీ.
తర్వాత జనానికి తొందరెక్కువై
మాటని తలవైపునుంచి కొరికేశారు.
'అందరూ' దారిలో రాలిపోయారు.
మిగిలింది బస్.
ఉత్త ప్రత్యయం. ఎవరికో చెప్పని 'కి'.

"వ్యాకరణం ఎక్కి ఆఫీసుకెళ్తున్నార్రా మీ నాన్నలు!"
సుద్దముక్క ఊపుతూ అనేది మేడమ్.
వెనక బెంచీ గ్వెనోలే
ఏడాది మొత్తంలో ఆ ఒక్క ముక్కకే లేచాడు.

ఇప్పుడు ఆమె మాటలకీ మొదళ్లు పోతున్నాయి.
రొట్టెల షాపులో వేలు చూపించి 'అది' అంటుంది.
పిల్లి పేరు 'నువ్వు' అయిపోయింది.

చివరి స్టాపు. సగం లైట్లు ఆర్పాడు.
"ఎక్కడికి మేడమ్?"
పెదాలు కదిలాయి. చాలాసేపు వెతికి
"...కి" అంది.
సిగ్గుపడి గ్లవ్స్ సర్దుకుంది.

ఆలస్యమెందుకని డిపో రేడియోలో అడుగుతోంది.
గొంతు తగ్గించాడు.
ఆమె ఇల్లు తెలుసు. ఎప్పుడో
సున్నా వచ్చిన పేపరు మీద తండ్రి సంతకం తనే గీకి,
నిద్రపట్టక, ఒప్పుకోడానికి వెళ్లాడక్కడికి.
నీలం తలుపు. పక్కన సైకిళ్లు బాగుచేసే కొట్టు.
బస్సులు దూరని సందు.

నంబరు బోర్డు ఆర్పి,
కుడివైపు అద్దం మడిచి,
పన్నెండు మీటర్ల 'కి'ని
జానెడు జానెడుగా సందులోకి తోలాడు.

దిగాక, తలుపు తాళం దొరికాక
ఆమె వెనక్కి తిరిగింది. వేలెత్తింది.
"చతుర్థి ఒక్కటే కాదు, గ్వెనోలే.
పంచమికీ అదే రూపం."

అతను రివర్స్ గేరు వేస్తూ ఆలోచించాడు:
అందరికీ.
అందరి నుంచీ.
వానలో వెనక ఏమీ కనబడట్లేదు.