నీళ్లు విడిచి సాము

మంగళవారం రాత్రి ఏడున్నరకి
విలియమ్స్‌టౌన్ డ్రిల్లు షెడ్డులో దీపాలు వెలిగించేది నేనే.
హాజరు పుస్తకం నాది, సిరాబుడ్డి నాది.
గోడకి మేకులు కొట్టి తగిలించిన చట్టం మాత్రం రాణీగారిది.

"దృఢకాయుడై, అవయవలోపం లేనివాడై" అని ఉంటుంది అందులో.
నా ఎడమకాలు ఆ వాక్యం దాటలేక అక్కడే ఆగిపోయింది.
అందుకని నేను కాగితం మీద నావికుణ్ని.
నా ఓడకి గీతలు గీసి ఉంటాయి,
తుఫానొస్తే అద్దుడుకాగితం చాలు.

వచ్చేవాళ్లకి పగలు వేరే బతుకులున్నాయి.
రొట్టెలు కాల్చే ఓబెడ్ పెంగెల్లీ, మోచేతులదాకా పిండి.
సున్నం బట్టీ నుంచి దగ్గుకుంటూ ఇద్దరు రడాక్ సోదరులు.
శవపేటికలు చేసే హోర్నిబ్రూక్,
ఎవరిని చూసినా పొడవే చూస్తాడు.
బల్లల మీద వరసగా కూర్చుని
లేని పడవలో, లేని నీటి మీద తెడ్లు వేస్తారు.
నేల విడిచి సాము చెయ్యకూడదంటారే,
వీళ్లది నీళ్లు విడిచిన సాము.

చట్టంలో శత్రువు పేరు ఎక్కడా లేదు. నేను మూడుసార్లు వెతికాను.
ఏడాదికి ఎన్ని డ్రిల్లులో ఉంది,
ఎగ్గొడితే రెండున్నర షిల్లింగులని ఉంది,
టోపీ పోగొడితే దాని ఖరీదు ఉంది.
కాలనీ జలాలు దాటించి ఎవరినీ పంపరాదనీ ఉంది.
ఆ జలాలు ఎక్కడ ఆగాలో
అలలకి చదివి వినిపించినవాడెవడో మరి.

జూన్ నెలలో ఒక మంగళవారం
దక్షిణపు గాలి రేకులు పీకుతోంది.
పేర్లు పిలిచాను. పెంగెల్లీ? పలకలేదు.
రడాక్ పెద్ద? రడాక్ చిన్న?
మూడు బల్లలు ఖాళీ.
మిగిలినవాళ్లు గంటన్నర గాలిని కోశారు,
ఒక్క తెడ్డూ లయ తప్పలేదని లెఫ్టినెంటు మెచ్చుకున్నాడు.

దీపాలు ఆర్పబోతుంటే తలుపు తోసుకుని ఓబెడ్ వచ్చాడు.
ఒళ్లంతా ఉప్పునీరు. చేతిలో ఒక బూటు, తనది కాదు.
గెల్లిబ్రాండ్ మొన దగ్గర చేపల పడవ తిరగబడిందట.
"ముగ్గుర్లో ఇద్దరు" అన్నాడు.
ఇంకేం చెప్పలేదు.
రడాక్‌లు ఒడ్డునే ఉన్నారు, ఇంకా చూస్తూ.

లెఫ్టినెంటు గడియారం వైపు చూశాడు, తరవాత నా వైపు.
మంచివాడే. కానీ వైద్యుడి చీటీ ఉంటే తప్ప
గైర్హాజరు గైర్హాజరేనని అచ్చులో ఉంది.
రాశాను, మూడు పేర్లకీ ఎదురుగా.
పక్కనున్న సన్నటి ఖాళీలో, ఎవరూ అడక్కుండానే,
'నీళ్లలో' అని ఒక్క మాట రాశాను.
ఆయన చూశాడు, కొట్టెయ్యలేదు.
జరిమానా కూడా కొట్టెయ్యలేదు.

పై మంగళవారం ఓబెడ్ పైకం తెచ్చి బల్ల మీద పెట్టి
తన చోట కూర్చుని తెడ్డు అందుకున్నాడు.
నాణేలకి పిండి అంటుకుని ఉంది,
రాణీగారి చెంప మీద కాస్త ఎక్కువగా.
తుడవకుండానే పెట్టెలో వేశాను.

బూటు ఇంకా నా సొరుగులోనే ఉంది.
దాన్ని ఏ పద్దు కింద రాయాలో
ఎవరినీ అడగలేదు.