వద్దన్నది గుర్తుండాలి

ఔలులో జనవరి. మధ్యాహ్నం మూడుకే వీధిదీపాలు.
తలుపు తోసుకుని, కాస్త మంచునీ వెంటేసుకుని
షాపులోకి వచ్చింది హిల్కా.
ఉన్ని తొడుగులు తియ్యలేదు.
"రోజూ వాడుకునేది కావాలి. జేబులో పట్టాలి."

అందరూ అదే అంటారు.
నాకూ ఒక పాఠం కంఠతా వచ్చు:
పన్నెండు మెగాపిక్సెళ్ళు, పది రెట్లు జూమ్,
ఎదుటివాళ్ళు నవ్వితే తనే నొక్కుకునే తెలివి.
లెన్స్ ముక్కు జుయ్‌మని సాగదీసి చూపించాను,
అద్దంలోంచి అవతలి మందుల షాపు బోర్డు
ఒళ్ళో వచ్చి వాలింది.

"ఎందుకిది?" అంది.
"దగ్గరికి వెళ్ళలేనప్పుడు..."
"దగ్గరికి వెళ్ళడమే నా ఉద్యోగం."

అర్ధరాత్రి దాటాక రెండింటి నుంచి ఆరింటి దాకా
తూయిరా వైపు పదకొండు బిల్డింగులకి పేపర్లు వేస్తుందట.
ఇరవై రెండేళ్ళుగా అవే మెట్లు.
ప్రతి తలుపుకీ ఒక చీలిక, చీలిక మీద ఇంటిపేరు.
కొన్ని ఇత్తడివి, కొన్ని ప్లాస్టిక్‌వి,
ఒకటి మాత్రం పిల్లాడెవడో క్రేయాన్‌తో రాసింది,
ఆ పిల్లాడికి ఇప్పుడు గడ్డం.
"పేర్లు మారిపోతుంటాయి.
నిన్న ఉన్నది ఇవాళ ఉండదు, నాలుగు మేకు చిల్లులు మిగుల్తాయి.
ఎవరున్నారో నాకు తెలుసు. కానీ నేనొక్కదాన్నే తెలుసుకుని ఏం లాభం?"

అంతే. ఇంకేం చెప్పలేదు.
వరసగా పెట్టిన పధ్నాలుగు కెమెరాల్నీ
సంతలో వంకాయలు ఏరినట్టు ఏరింది.
తొడుగుతోనే నొక్కి చూసింది: మూడు అక్కడే పోయాయి.
పది సెంటీమీటర్ల దగ్గర నా బిల్లుపుస్తకాన్ని తీసి చూసింది,
అక్షరాలు అలుక్కుపోయినవి పక్కకి.
ఒక తొడుగు విప్పి గాల్లో వదిలేసి, అదే క్షణంలో బటన్ నొక్కింది.
ఒకదాంట్లో తొడుగు గాల్లో ఉంది.
మిగతావాటిలో ఒట్టి నేల.

"ఫ్లాష్ ఆర్పు."
ఆర్పాను. ఇత్తడి మీద ఫ్లాష్ పడితే
పేరు బదులు తెల్లటి మచ్చ వస్తుంది, నిజమే.
"ఇప్పుడు కట్టేసి మళ్ళీ పెట్టు."
పెట్టాను. ఫ్లాష్ మళ్ళీ రెడీగా కూచుంది.
"చూశావా," అంది, చిన్నపిల్లాడి మీద చాడీ చెప్తున్నట్టు,
"వద్దన్న మాట నిద్రలేవగానే మరిచిపోయింది.
ప్రతి తలుపు దగ్గరా మళ్ళీ మళ్ళీ చెప్పాలా నేను?"

పదిహేనేళ్ళుగా కెమెరాలు అమ్ముతున్నాను.
ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.
నేనూ ఎవర్నీ అడగలేదు.

చివరికి నెగ్గింది అద్దాల బీరువాలో అడుగున ఉన్నది,
మూల నొక్కుకుపోయి, ఎవరికీ అక్కర్లేక,
పన్నెండు యూరోలు తగ్గించి పెట్టింది.
అది గుర్తుపెట్టుకుంటుంది.
చలికి బ్యాటరీ చచ్చిపోతుంది జాగ్రత్తన్నాను.
"చంకలో పెట్టుకుంటా, కోడి గుడ్డులా."

ఆఖర్న ఒక పని నాతో చేయించుకుంది:
లోపలి మెనూల్లోకి దిగి ఆ టకటకలూ, కిచకిచలూ,
ఉత్తుత్తి షట్టర్ చప్పుడూ
అన్నీ నొక్కేశాను.
"జనం పడుకుని ఉంటారు కదా."

బిల్లు మీద అడ్రసు రాస్తూ అడిగాను,
తూయిరాలో ఏ వీధులని.
చెప్పింది.
మూడోది మాది.

ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు నేను.
మా తలుపు మీద ఇంకా రెండు పేర్లున్నాయి.
రెండోది వెళ్ళిపోయి నవంబరుకి రెండేళ్ళు.
స్క్రూడ్రైవర్ సొరుగులోనే ఉంది.

ఇప్పుడు నాలుగుంపావుకి మెలకువ వచ్చేస్తోంది.
లిఫ్టు కాదు, మెట్లే. బూట్ల కింద గులకరాళ్ళు.
పేపరు చీలికలోంచి దూరి, చాప మీద పడుతుంది.
తర్వాత అడుగులు వెంటనే కదలవు.

చెవులు రిక్కించి పడుకుంటాను.
ఏమీ వినపడదు.
నేనే కదా ఆపేసింది.